1936 డిసెంబర్‌లో చర్చిల్ ఎవరి పక్షం? చరిత్ర పాఠాలు రాసేవారికి బహిరంగ లేఖ

పోటీ పరీక్షలకు ప్రపంచ చరిత్ర మెటీరియల్ తయారుచేసేవారికి, తెలుగులో చరిత్ర వీడియోలు చేసేవారికి, డిగ్రీ తరగతుల్లో ఆధునిక ఐరోపా చెప్పే అధ్యాపకులకు

నమస్కారం.

బ్రిటిష్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో సింహాసనం వదులుకున్న ఘట్టాన్ని తెలుగులో చాలా ఇష్టంగా చెప్పుకుంటాం. ప్రియురాలి కోసం సామ్రాజ్యాన్నే కాదనుకున్నాడంటే ఎవరైనా ఆగి వింటారు. ఆ కథలో విన్‌స్టన్ చర్చిల్‌కు రెండు వేషాల్లో ఏదో ఒకటి వేస్తున్నారు. ఒకదాంట్లో ప్రేమికుల పక్షాన ఒంటరిగా నిలబడ్డ ధీరుడు. ఇంకోదాంట్లో రాజును అడ్డుపెట్టుకుని ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్‌ను కూల్చి గద్దెనెక్కాలని చూసిన కుట్రదారు. రెండూ ఆధారాల ముందు నిలవవు. చర్చిల్ ఆ పెళ్లిని కోరుకోలేదు. ప్రత్యామ్నాయ ప్రభుత్వం కోసం జట్టు కట్టినట్టూ రుజువు లేదు. అతను అడిగింది గడువు. ఎందుకు అడిగాడు, అది ఎందుకు దొరకలేదు, అడిగిన తీరు వల్ల ఏం చెడింది అన్నవి చెప్తేనే ఈ పాఠం విద్యార్థికి పనికొస్తుంది. అలా చెప్పమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాం.

ముందుగా, ఆ ఏడాది చర్చిల్ ఎవరు అన్నది సరిగా రాయండి. అతను ప్రధాని కాదు, మంత్రి కాదు, ప్రతిపక్ష నాయకుడూ కాదు. ప్రతిపక్ష నేత లేబర్ పార్టీకి చెందిన క్లెమెంట్ అట్లీ. చర్చిల్ ఎపింగ్ నియోజకవర్గం నుంచి గెలిచిన కన్సర్వేటివ్ సభ్యుడు. 1929 తర్వాత మంత్రి పదవి లేదు. భారతదేశానికి స్వపరిపాలన వైపు ఒక్క అడుగు వేయడం కూడా ఇష్టంలేక 1931 జనవరిలో సొంత పార్టీ నాయకత్వ బృందం నుంచి బయటికి వచ్చాడు. 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని ఆపడానికి ఏళ్ల తరబడి పోరాడి ఓడిపోయాడు.

ఇక్కడ మన పాఠకుల సంగతి ఒకటి చెప్పాలి. గాంధీ గురించి అతని మాటలు, 1943 బెంగాల్ కరువు నాటి అతని తీరు తెలిసిన తెలుగువాళ్లకు చర్చిల్ అంటే కోపం ఉంది. ఉండాల్సిందే. కానీ ఆ కోపం 1936 విషయంలో సాక్ష్యం కాజాలదు. భారతదేశం గొడవకు ఈ సంక్షోభంతో ఉన్న అసలు సంబంధం వేరు. అన్నేళ్లపాటు సొంత నాయకుల మీదే కత్తి దూసినవాడు ఇప్పుడు రాజు తరఫున లేచేసరికి, ఇతను మళ్లీ బాల్డ్విన్ మీదకే వచ్చాడని కామన్స్ సభ (పార్లమెంటు దిగువ సభ) తేలిగ్గా నమ్మేసింది. 1936 అనుమానం వేళ్లు ఇండియా బిల్లు చర్చల్లో ఉన్నాయి. ఈ కార్యకారణ సంబంధాన్ని రాసిన తెలుగు మెటీరియల్ మాకు కనిపించలేదు. దీన్ని తప్పక చేర్చండి.

రాజుతో అతని అనుబంధం పాతది. 1911 జులై 13న కార్నార్వన్ కోటలో 17 ఏళ్ల ఎడ్వర్డ్‌ను వేల్స్ యువరాజుగా ప్రతిష్ఠించినప్పుడు, హోంమంత్రి హోదాలో ఆ ప్రకటన చదివింది చర్చిలే. ఆ తర్వాత పాతికేళ్ల స్నేహం. దానికి తోడు రాజరికం అనే వ్యవస్థ మీద అతనికి దాదాపు మతవిశ్వాసం లాంటి భక్తి ఉండేది. ఈ రెండూ ఒకటి కావు. వ్యక్తి మీద ప్రేమ, కిరీటం మీద భక్తి, పార్లమెంటు పట్ల బాధ్యత అని అతనికి మూడు విధేయతలు ఉన్నాయి. మామూలు రోజుల్లో మూడూ ఒకే దారిలో నడిచాయి, డిసెంబర్‌లో విడిపోయాయి. మీ పాఠం ఈ మూడింటినీ విడదీసి చూపితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

పెళ్లి విషయంలో అతని అభిప్రాయం ఏమిటో 1936 జులైలోనే తేలింది. రాజు స్నేహితుడు, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ అప్పట్లో చర్చిల్‌ను కలిసి, రాజు ప్రియురాలు వాలిస్ సింప్సన్ తన రెండో భర్త నుంచి విడాకులు కోరడం గురించి అడిగాడు. విడాకులే వద్దన్నాడు చర్చిల్. ఆమెను బాల్మోరల్ వంటి రాజనివాసానికి పిలవడం కూడా తగదన్నాడు. రాజు ఆ మాట వినలేదు. ఆమె బాల్మోరల్ వెళ్లింది, విడాకుల కేసూ నడిచింది. ప్రేమికుల పక్షపాతి చర్చిల్ అన్న కథ ఇక్కడే కూలిపోతుంది.

ఇక విడాకుల గడియారం. ఇది అర్థం కాకపోతే గడువు అన్న మాటకే అర్థం లేదు. 1936 అక్టోబర్ 27న ఇప్స్‌విచ్ కోర్టు వాలిస్‌కు తాత్కాలిక డిక్రీ ఇచ్చింది. ఆనాటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం అది ఖరారు కావడానికి ఆరు నెలలు ఆగాలి. ఆలోగా భార్యాభర్తలు కూడబలుక్కుని కేసు నడిపారని గానీ, పిటిషన్ వేసినవారే వివాహేతర సంబంధంలో ఉన్నారని గానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే, కింగ్స్ ప్రాక్టర్ అనే అధికారి విచారించి డిక్రీని రద్దు చేయించవచ్చు. అంటే 1937 ఏప్రిల్ చివరి వరకు వాలిస్ ఎవరినీ పెళ్లాడడానికి వీల్లేదు. పట్టాభిషేకం ముహూర్తం మే 12. చర్చిల్ లెక్క ఇదే: పెళ్లికే ఇంకా దాదాపు ఐదు నెలలు ఉండగా, ఇవాళే తేల్చమని రాజును ఒత్తిడి చేయడం ఎందుకు? ఈలోగా మనసు మారవచ్చు, ఆమే తప్పుకోవచ్చు, రాజు రాజుగానే మిగలవచ్చు. చర్చిల్ ఆశ ఆ మూడో మాట మీద.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అది కూడా రాయండి. రాజు ఇంకా మనసు నిర్ణయించుకోలేదన్న ఊహ మీద ఆ లెక్క నిలబడింది. నిజానికి నవంబర్ 13న రాజు కార్యదర్శి అలెగ్జాండర్ హార్డింజ్ ఒక లేఖ రాశాడు: పత్రికల మౌనం ఇక ఎన్నాళ్లో ఉండదు, ప్రభుత్వం రాజీనామా చేసే ప్రమాదం ఉంది, వాలిస్ వెంటనే దేశం విడిచి వెళ్లడం మంచిది అని. ఎడ్వర్డ్ మండిపడ్డాడు. నవంబర్ 16న బాల్డ్విన్‌ను పిలిపించి, తాను పెళ్లి చేసుకుంటానని, అందుకు సింహాసనం అడ్డమైతే వెళ్లిపోవడానికి సిద్ధమని చెప్పేశాడు. ప్రధానికి ఆ రోజే రాజు మనసు తెలుసు. చర్చిల్ ఆ తర్వాత కూడా ఇంకా తేల్చుకోని రాజునే ఊహించుకుంటూ ఉన్నాడు.

నవంబర్ 25 మీద కాస్త ఎక్కువ స్థలం ఖర్చుపెట్టండి, అన్నీ ఆ రోజు దగ్గరే ముడిపడ్డాయి. ఆ రోజు బాల్డ్విన్ అట్లీని, లిబరల్ నేత ఆర్చిబాల్డ్ సింక్లెయిర్‌ను, చర్చిల్‌ను సంప్రదించాడు. మంత్రివర్గం రాజీనామా చేస్తే రాజు కోసం మీరు ప్రభుత్వం ఏర్పాటు చేస్తారా అన్నది ప్రశ్న. అట్లీ, సింక్లెయిర్ చేయబోమని సూటిగా మాట ఇచ్చారు. చర్చిల్ తన వైఖరి కాస్త భిన్నమైనదే అయినా ప్రభుత్వాన్నే సమర్థిస్తానన్నాడు. కుట్ర సిద్ధాంతానికి ఇదే పెద్ద అడ్డంకి. కామన్స్ సభలో ప్రభుత్వానికి తిరుగులేని మెజారిటీ ఉంది. లేబర్, లిబరల్ పార్టీలు రాబోమన్నాయి. అలాంటప్పుడు చర్చిల్ ఏ సభ్యుల బలంతో ప్రధాని అవుతాడు? ఒకవేళ అయినా ఎన్నికలే శరణ్యం. ఆ ఎన్నికలు రాజు పెళ్లి మీద జరిగేవి, దేశం రెండుగా చీలేది. ఆ చీలిక కోరుకున్నవాళ్లు లేకపోలేదు. ఓస్వాల్డ్ మోస్లీ ఫాసిస్టులు రాజు పేరుతో వీధుల్లో నినాదాలిచ్చారు. చర్చిల్ వాళ్లతో కలవలేదు.

అదే రోజు రాజు బాల్డ్విన్ ముందు ఇంకో ప్రతిపాదన పెట్టాడు. పత్రికాధిపతి కుటుంబానికి చెందిన ఎస్మండ్ హార్మ్స్‌వర్త్ అందించిన ఆలోచన అది: పెళ్లి చేసుకుంటాను, కానీ వాలిస్ రాణి కాదు, పుట్టే పిల్లలకు వారసత్వం ఉండదు. ఐరోపాలోని కొన్ని రాజవంశాల్లో ఇలాంటి వివాహాలు ఉండేవి. ఇంగ్లండ్ చట్టంలో భార్యకు భర్త హోదా వస్తుంది. రాజు భార్య రాణి అయి తీరుతుంది. దాన్ని తప్పించాలంటే కొత్త చట్టం కావాలి. చట్టం కావాలంటే మంత్రివర్గం కావాలి. పైగా 1931 వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం పీఠికలో, సింహాసన వారసత్వానికి సంబంధించిన చట్టం మార్చాలంటే డొమినియన్ల (సామ్రాజ్యంలో స్వపరిపాలన ఉన్న దేశాల) పార్లమెంటుల అంగీకారం కూడా ఉండాలని రాసి ఉంది. కాబట్టి కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఐరిష్ ఫ్రీ స్టేట్‌లకు తంతి సందేశాలు వెళ్లాయి. రాణిగా పెళ్లి, రాణి కాని పెళ్లి, సింహాసన త్యాగం అని మూడు దారులు వాటిలో ఉన్నాయి. కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ప్రధానులు రెండో దారిని ఒప్పుకోలేదు. డిసెంబర్ 2న మంత్రివర్గం కూడా తోసిపుచ్చింది.

దీనివల్ల రాజు ఎలా చిక్కుకున్నాడో విద్యార్థికి అడుగు అడుగునా చూపించండి. రాజు తనంతట తాను అడగనంత కాలం, పెళ్లి గురించి మంత్రులు చెప్పేది ప్రైవేటు అభిప్రాయం. మంత్రివర్గాన్నీ డొమినియన్లనూ సంప్రదించమని అడిగిన క్షణం నుంచి అది అధికారిక సలహా. అలాంటి సలహాను రాజు కాదంటే మంత్రివర్గం రాజీనామా చేస్తుంది. పత్రికాధిపతి బీవర్‌బ్రూక్ ఈ ప్రమాదం గ్రహించి, ప్రతిపాదన వెనక్కి తీసుకోమని రాజును బతిమాలాడు. అప్పటికే ఆలస్యమైంది. మన విద్యార్థులకు రాజ్యాంగం 74వ అధికరణం కంఠతా వచ్చు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలని 1976లో 42వ సవరణ స్పష్టంగా రాసింది, ఒకసారి పునఃపరిశీలనకు తిప్పిపంపవచ్చని 1978లో 44వ సవరణ చేర్చింది. బ్రిటన్‌లో అదే సూత్రం రాతలో లేకుండా సంప్రదాయంగా నడిచింది. ఆ సంప్రదాయానికి అంత కఠిన పరీక్ష ఎదురైంది ఈ రెండు వారాల్లోనే. పాలిటీ, చరిత్ర పాఠాలు రెండూ కలిసే చోటు ఇది. దీన్ని ప్రేమకథ కింద దాచేయడం విద్యార్థికి నష్టం.

డిసెంబర్ 1న బ్రాడ్‌ఫర్డ్ బిషప్ బ్లంట్ రాజుకు దైవానుగ్రహం ఎంత అవసరమో తన ప్రసంగంలో చెప్పాడు. అతని ఉద్దేశం రాజు చర్చికి సరిగా రాకపోవడం గురించే. పత్రికలు దాన్ని వేరే అర్థంలో అందుకున్నాయి. 3వ తేదీకి లండన్ పత్రికలన్నీ నిండిపోయాయి. ఆ రాత్రే వాలిస్ ఫ్రాన్స్ బయల్దేరింది. అదే రోజు ఆల్బర్ట్ హాల్‌లో చర్చిల్ హిట్లర్ ముప్పు మీద భారీ సభలో మాట్లాడాడు. అధ్యక్షత వహించింది కార్మిక సంఘాల నాయకుడు వాల్టర్ సిట్రిన్. ఏళ్ల ఒంటరితనం తర్వాత లేబర్, లిబరల్, కన్సర్వేటివ్ వర్గాలను ఒకే వేదిక మీదకు తెచ్చిన ప్రచారం అది. నవంబర్ 12న కామన్స్‌లో ఆయుధ సంపత్తి లోపాల మీద అతను చేసిన ప్రసంగానికి బాల్డ్విన్ దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఈ నేపథ్యం చెప్పకుండా డిసెంబర్ 7 చెప్పవద్దు. చర్చిల్ పోగొట్టుకున్నది ఎంతో తెలియాలంటే అతని చేతిలో అప్పుడు ఏముందో ముందు తెలియాలి.

డిసెంబర్ 4న బాల్డ్విన్ కామన్స్‌లో, రాణి కాని భార్య అనేది మన చట్టానికి తెలియదని, అందుకు చట్టం తెచ్చే ఉద్దేశం ప్రభుత్వానికి లేదని ప్రకటించాడు. రేడియోలో ప్రజలతో నేరుగా మాట్లాడతానన్న రాజు కోరికను మంత్రివర్గం నిరాకరించింది. మంత్రుల సలహా ఇంకా తేలకుండానే రాజు ప్రజలకు మొరపెట్టుకుంటే మంత్రివర్గం ఉండి లాభం ఏమిటి? అది సరైన నిర్ణయమేనని మా అభిప్రాయం. చర్చిల్‌ను కలుస్తానంటే మాత్రం బాల్డ్విన్ అభ్యంతరం చెప్పలేదు. ఆ రాత్రి రాజు నివాసం ఫోర్ట్ బెల్వెడీర్‌లో ఇద్దరూ కలిసి భోంచేశారు. తొందరపడవద్దు, గడువు అడగండి, దేశం వదలకండి అన్నది చర్చిల్ సలహా. మర్నాడు బాల్డ్విన్‌కు రాసిన లేఖలో, రాజు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మతి తప్పినట్టయ్యాడని, ఈ స్థితిలో నిర్ణయం కోసం ఒత్తిడి చేయడం క్రూరమని చెప్పాడు. ప్రధానికి తెలియకుండా చేసిన పని కాదు ఇది. కలవడానికి ముందు అనుమతి ఉంది, కలిశాక నివేదిక ఉంది. కుట్రదారు ఇలా చేయడు.

డిసెంబర్ 5, శనివారం. రాజు మాంక్టన్‌తో బాల్డ్విన్‌కు కబురు పెట్టాడు: సింహాసనం వదులుకుంటాను. ఎడ్వర్డ్ పోరాడడని బీవర్‌బ్రూక్ అదే రోజు చర్చిల్‌కు చెప్పాడు కూడా. చర్చిల్ నమ్మలేదు. ఆదివారం పత్రికల్లో అతని ప్రకటన వచ్చింది: రాజుకూ పార్లమెంటుకూ ఘర్షణ లేదు, పార్లమెంటును ఇంకా సంప్రదించనే లేదు, కావలసింది గడువు, ఓర్పు అని. ఆ ఆదివారమే చార్ట్‌వెల్ ఇంట్లో సింక్లెయిర్, తన అనుచరుడైన కన్సర్వేటివ్ ఎంపీ రాబర్ట్ బూత్‌బీలతో కలిసి ఒక సూత్రం రాశాడు. మంత్రుల సలహాకు విరుద్ధంగా ఏ వివాహమూ చేసుకోనని రాజు ప్రకటించాలన్నది దాని సారం. ఈ కాగితాన్ని మీ పాఠంలో తప్పక పెట్టండి. మంత్రివర్గానిదే పైచేయి అని చర్చిల్ ఒప్పుకున్న పత్రం అది. అది రాజు దగ్గరికి వెళ్లింది, రాజు కాదన్నాడు. అతనికి కావలసింది పెళ్లి.

సోమవారం, డిసెంబర్ 7. ఎంపీలు శని, ఆదివారాలు సొంత నియోజకవర్గాల్లో గడిపి వచ్చారు. జనం మాట వాళ్లకు తెలుసు. లండన్‌లో రాజుకు జేజేలు కొట్టిన గుంపులను, రాజును సమర్థించిన కొన్ని పత్రికలను చూసి చర్చిల్ వేసుకున్న అంచనా తప్పని వాళ్లకు అప్పటికే అర్థమైంది. బాల్డ్విన్ ప్రకటన తర్వాత చర్చిల్ లేచి, సభకు పూర్తి వివరం ఇచ్చేదాకా వెనక్కి తీసుకోలేని ఏ అడుగూ వేయబోమని హామీ ఇవ్వండి అని అడిగాడు. మాటల్లో తప్పేం లేదు. కానీ సభ నలుమూలల నుంచీ కేకలు వేసి అతన్ని కూర్చోబెట్టింది. ప్రశ్నల సమయంలో ప్రసంగం చేయకూడదని స్పీకర్ కూడా వారించాడు. చర్చిల్ బాల్డ్విన్ మీద విరుచుకుపడి సభ నుంచి వెళ్లిపోయాడు. నిన్న రాసిన సూత్రం గురించి సభలో మాటైనా ఎత్తలేదు. మిమ్మల్ని గుడ్డిగా అనుసరించడం ఇక మావల్ల కాదని బూత్‌బీ ఆ రోజే ఉత్తరం రాశాడు. రెండేళ్లుగా కూడగట్టుకున్న పలుకుబడిని ఐదు నిమిషాల్లో పోగొట్టుకున్నాడని ఎంపీ హెరాల్డ్ నికల్సన్ తన డైరీలో రాసుకున్నాడు.

మా తీర్పు ఇది. చర్చిల్ విధేయత నిజమైనది, అందులో స్వార్థం ప్రధానం కాదు. బాల్డ్విన్ మీద కసి లేదని కూడా అనం, ఉంది. అది అతని గొంతులో వినిపించింది, సభ దాన్నే పట్టుకుంది. కానీ అసలు తప్పు వేరే చోట ఉంది. ఏ మనిషి కోసం వాదిస్తున్నాడో ఆ మనిషి ఏం కోరుకుంటున్నాడో తేల్చుకోకుండా వాదించాడు. తన భక్తికి తగిన రాజును తానే ఊహించుకుని అతని కోసం గడువు అడిగాడు. వ్యక్తి మీద ప్రేమ కిరీటం మీద భక్తిని కమ్మేసింది. రాజరికాన్ని కాపాడింది ఆ వారంలో బాల్డ్విన్ చేసిన పనే. విషయాన్ని త్వరగా, రాజ్యాంగ పరిధిలో, పార్టీల మధ్య చీలిక రాకుండా ముగించాడు. చర్చిల్ అడిగిన ఐదు నెలల గడువు దొరికి ఉంటే, పట్టాభిషేకం దాకా దేశం రాజు పెళ్లి మీదే కొట్టుకునేది. దాని నష్టం హిట్లర్‌కు ఎదురు నిలవాల్సిన సన్నాహాల మీద పడేది. డిసెంబర్ 7 దెబ్బ ఆ సన్నాహాల కోసం గొంతెత్తిన ప్రధాన వ్యక్తి మీదే పడింది. తర్వాతి ఏడాది అతని హెచ్చరికలను తేలిగ్గా తీసుకోవడానికి ప్రత్యర్థులకు అది అక్కరకొచ్చింది.

డిసెంబర్ 10న బాల్డ్విన్ సుదీర్ఘంగా జరిగిందంతా చెప్పాడు. చర్చిల్ లేచి, జరిగిందేదో జరిగింది అంటూ పార్లమెంటు నిర్ణయాన్ని అంగీకరించాడు. చట్టబద్ధమైన ప్రతి దారినీ వెతకకపోయి ఉంటే సిగ్గుపడాల్సి వచ్చేదని చెప్పుకున్నాడు. ఈసారి సభ శ్రద్ధగా విన్నది. మూడో విధేయత, పార్లమెంటు పట్ల ఉన్నది, చివరికి గెలిచింది. ఈ ప్రసంగాన్ని వదిలేసి డిసెంబర్ 7తోనే ఆపేసే పాఠాలు సగం నిజమే చెప్తున్నాయి.

తేదీల విషయంలో ప్రశ్నపత్రాల్లో ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయి. త్యాగపత్రం మీద సంతకం డిసెంబర్ 10న, ఫోర్ట్ బెల్వెడీర్‌లో. సాక్షులు ముగ్గురు తమ్ముళ్లు. కానీ సంతకంతో పాలన ముగియలేదు. బ్రిటన్‌లో రాజు తనంతట తాను దిగిపోలేడు, చట్టం కావాలి. ఆ చట్టానికి డిసెంబర్ 11 మధ్యాహ్నం 1.52కి రాజామోదం లభించింది, అదే క్షణం ఎడ్వర్డ్ రాజు కాకుండా పోయాడు. సింహాసనం ఎక్కిన జనవరి 20 నుంచి లెక్కిస్తే 326 రోజులు. ఆ సమయానికి చర్చిల్ అతనితోనే భోజనం దగ్గర ఉన్నాడు, రాత్రి రేడియో ప్రసంగం మెరుగులు దిద్దడంలో సాయపడ్డాడు. దక్షిణాఫ్రికా తన చట్టంలో త్యాగాన్ని డిసెంబర్ 10 నుంచే లెక్కించింది. ఐరిష్ ఫ్రీ స్టేట్ సొంత చట్టం డిసెంబర్ 12న చేసింది. అంటే ఒకే రాజు పాలన మూడు వేర్వేరు తేదీల్లో ముగిసింది. వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం తర్వాత సామ్రాజ్యం ఎలా మారిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. భారతదేశం డొమినియన్ కాదు కాబట్టి, చక్రవర్తి మారుతున్నా ఇక్కడి శాసనసభను ఎవరూ అడగలేదు.

ఇంకొన్ని సవరణలు. వారసుడు ఆరో జార్జ్ ఎడ్వర్డ్ కొడుకు కాదు, తమ్ముడు. పార్లమెంటు రాజును తొలగించలేదు, అతని కోరికకు చట్టరూపం ఇచ్చింది. విడాకులు పొందిన స్త్రీని పెళ్లాడకూడదని రాజుకు చట్టం అడ్డు చెప్పలేదు. 1701 వారసత్వ చట్టం నిషేధించింది కేథలిక్‌ను పెళ్లాడడాన్ని. వాలిస్ కేథలిక్ కాదు. అడ్డుపడినవి మాజీ భర్త బతికుండగా విడాకులు పొందిన స్త్రీ మళ్లీ పెళ్లాడడాన్ని ఒప్పుకోని చర్చి నియమం, మంత్రుల సలహా, డొమినియన్ల అభిప్రాయం.

మాంక్టన్ పేరు తెలంగాణ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. ఫోర్ట్ బెల్వెడీర్‌కూ డౌనింగ్ స్ట్రీట్‌కూ మధ్య తిరిగిన ఆ న్యాయవాదే నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు రాజ్యాంగ సలహాదారు. 1947లో యథాతథ ఒప్పందానికి దారితీసిన చర్చల్లోనూ, 1948లో మౌంట్‌బాటన్‌తో విఫలమైన చర్చల్లోనూ హైదరాబాద్ తరఫున పనిచేశాడు. 1936లో అతను చేసిన పని చర్చిల్ పనితో పోల్చి చూడండి. అతనిదీ రాజు పట్ల విధేయతే. కానీ రాజు ఏమనుకుంటున్నాడో ప్రధానికి, ప్రధాని ఏం చేయగలడో రాజుకు ఉన్నదున్నట్టు చేరవేశాడు. త్యాగ బిల్లుతో పాటు వాలిస్ విడాకుల డిక్రీని వెంటనే ఖరారు చేసే రెండో బిల్లు తెమ్మని అతను సూచిస్తే మంత్రివర్గం ఒప్పుకోలేదు. అతను దాన్ని వీధికెక్కించలేదు. మన ప్రాంతపు చరిత్రతో నిజమైన లంకె కావాలంటే మాంక్టన్‌ను తీసుకోండి. లేని సంబంధాలు కల్పించనక్కర్లేదు.

1936తో ఆపవద్దని కూడా కోరుతున్నాం. 1940 వేసవిలో చర్చిల్ ప్రధాని. ఎడ్వర్డ్ విండ్సర్ డ్యూక్‌గా పోర్చుగల్‌లో ఉన్నాడు, జర్మన్లు అతన్ని తమవైపు తిప్పుకోవాలని చూస్తున్నారు. సైనిక హోదాలో ఉన్నావు, ఆజ్ఞ పాటించాలి అని చర్చిల్ కఠినంగా తంతి పంపాడు. బహామాస్ గవర్నర్‌గా వేశాడు. ఆగస్టు 1న ఓడ ఎక్కించడానికి లిస్బన్ వెళ్లింది మాంక్టనే. 1953లో అదే చర్చిల్ మళ్లీ ప్రధానిగా, డ్యూక్ గురించిన జర్మన్ పత్రాలు బయటికి రాకుండా ఆపడానికి ఐసెన్‌హోవర్‌కు రాశాడు. అవి 1957లో అచ్చయ్యాయి. ఒక పక్క మిత్రుడిని దూరం పంపిన కాఠిన్యం, ఇంకో పక్క అతని పరువు కాపాడాలన్న తపన. 1936లో విడిపోయిన విధేయతలను అధికారంలోకి వచ్చాక ఎలా సర్దుకున్నాడో ఇక్కడ తెలుస్తుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. కామన్స్ సభ కార్యకలాపాల రికార్డు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1936 డిసెంబర్ 4, 7, 10 తేదీలు తెరిచి చదవండి. త్యాగ చట్టం మరీ చిన్నది, దాన్ని పూర్తిగా తరగతిలో చదివించవచ్చు. నవంబర్ 16, నవంబర్ 25, డిసెంబర్ 5 తేదీల్లో ఎవరికి ఏం తెలుసో మూడు వరుసల్లో రాజు, ప్రధాని, చర్చిల్ అని బోర్డు మీద రాయించండి. చర్చిల్ వరుసలో ఖాళీలు ఎక్కడున్నాయో విద్యార్థులే పట్టుకుంటారు. ‘చర్చిల్ రాజును ఎందుకు సమర్థించాడు’ అనే ప్రశ్నకు బదులు, ‘చర్చిల్ కోరిన గడువును ప్రభుత్వం ఇవ్వకపోవడానికి కారణాలేమిటి’ అని అడగండి. వీడియోలు చేసేవారు పాత వీడియో తీసేయనక్కర్లేదు. తప్పున్న చోటును వివరణలో సరిచేసి, దాన్ని పైన పిన్ చేస్తే చాలు. పుస్తకాలు వేసేవారు వచ్చే ముద్రణకు ముందు ఈ అధ్యాయం ప్రూఫులు పంపితే తేదీలు, పేర్లు, చట్టాల వివరాలు సరిచూసి ఇవ్వడానికి మేం సిద్ధం. దీనికి పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఆధునిక బ్రిటన్ రాజ్యాంగ చరిత్ర చదువుతూ, చెబుతూ ఉన్న కొందరు తెలుగు అధ్యాపకులు